‘టూ టవర్స్’కు ముగింపు లేదా? ఒక ఎడిటర్ గదిలో తరచూ వినిపించే అపోహలు - వాస్తవాలు

ఈ ఏడాది మూడు భాగాల కథలు పట్టుకొని నా ఎడిటింగ్ గదికి వచ్చిన యువ దర్శకులు నలుగురు. రెండో భాగం ఎక్కడ ముగుస్తుందని అడిగితే, నలుగురూ ఇంచుమించు ఒకే జవాబు చెప్పారు: “‘టూ టవర్స్’కు మాత్రం ముగింపు ఉందా సార్? అయినా విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు కదా!” ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సినిమాల్లో రెండోదాని గురించి ఈ మాట విని విని విసుగెత్తిపోయి ఇది రాస్తున్నాను.

అపోహ: పీటర్ జాక్సన్ ‘టూ టవర్స్’కు మొదలూ లేదు, చివరా లేదు. మధ్య భాగం కాబట్టి ఉండనక్కర్లేదు.

వాస్తవం: 2002 డిసెంబరులో ఆ సినిమా విడుదలైనప్పుడు, మొదలూ చివరా లేకుండా నడిమధ్యలో నడిచే సినిమా అని కొందరు విమర్శకులు రాసిన మాట నిజమే. వారు చెప్పింది కథ గురించి. కథ ముగియకపోవడం వేరు, సినిమా ముగియకపోవడం వేరు. ఈ తేడా తెలియక నిర్మాతల డబ్బూ, తమ రెండు మూడేళ్ల కష్టమూ పోగొట్టుకున్నవారిని నేను దగ్గరి నుంచి చూశాను.

1954లో వచ్చిన టోల్కీన్ నవలలో ఈ భాగం రెండు ఖండాలుగా ఉంటుంది. మొదటి ఖండం యోధుడు ఆరగోర్న్ బృందానిది, రెండోది దుష్టశక్తి ఉంగరాన్ని నాశనం చేయడానికి మోసుకెళ్తున్న ఫ్రోడో, అతని తోడు శామ్‌లది. మొదటిది పూర్తయ్యేదాకా ఫ్రోడో మనకు కనిపించడు. హెల్మ్స్ డీప్ అనే కోట దగ్గరి యుద్ధం మొదటి ఖండంలో పదకొండు అధ్యాయాలకు గాను ఏడో అధ్యాయంలోనే ముగిసిపోతుంది. పుస్తకం చివర వచ్చేది షీలాబ్ అనే సాలీడు గుహ. జాక్సన్ ఆ గుహను మూడో సినిమాకు తీసుకెళ్లి, ఏడో అధ్యాయపు యుద్ధాన్ని పతాక ఘట్టం చేశాడు. ఇది ఇష్టం వచ్చినట్టు చేసిన పని కాదు. టోల్కీన్ స్వయంగా ఇచ్చిన తేదీల పట్టిక ప్రకారం హెల్మ్స్ డీప్ యుద్ధం మార్చి 3వ తేదీ రాత్రి మొదలవుతుంది, షీలాబ్ గుహ మార్చి 12న వస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి కత్తిరిస్తే తొమ్మిది రోజుల తేడాను ప్రేక్షకుడి కంటికి కప్పిపుచ్చవలసి వచ్చేది.

ఇక చివరి అంకం చూడండి. కోట దగ్గర యుద్ధం, శత్రు మాంత్రికుడి స్థావరం ఐసెన్‌గార్డ్‌ను ముంచెత్తే ఎంట్‌లు అనే చెట్ల కాపరులు, ఓస్గిలియాత్ శిథిలాల్లో ఫ్రోడో: మూడు చోట్ల మూడు ప్రశ్నలు నడుస్తుంటాయి. కోటను కాచే థియోడెన్ మళ్లీ రాజుగా నిలబడతాడా? చెట్ల కాపరులు యుద్ధానికి కదులుతారా? ఫ్రోడో ఉంగరాన్ని శత్రువు చేతికి ఇచ్చేస్తాడా? సినిమా సగంలోపే ఎత్తిన ఈ మూడింటికీ సినిమా వదిలేలోపు జవాబు వస్తుంది. రెక్కల మృగం మీద వచ్చిన శత్రువు సేవకుడు నాజ్‌గూల్ ముందు ఫ్రోడో నిలబడి ఉంగరాన్ని వేలికి తొడుక్కోబోవడం, శామ్ అతణ్ని లాగి పడేయడం, ఫ్రోడో కత్తి శామ్ గొంతు మీదకు రావడం, అప్పుడు శామ్ మాట్లాడే మాటలు మిగతా రెండు చోట్ల గెలుపు దృశ్యాల మీద వినిపించడం: దీన్ని ముగింపు అనకపోతే ఇంకేమనాలి? ఆ తరువాతే, ఉంగరం మీద ఆశ చావని, ఫ్రోడోకు దారి చూపే గోలమ్ చెట్ల మధ్య తనతో తాను గొణుక్కుంటూ మూడో భాగానికి దారం అందిస్తాడు. వరుస గమనించండి: ముందు ముడి వేయడం, తరువాతే దారం వదలడం.

నేనూ ఈ తప్పు చేసినవాడినే. చాలా ఏళ్ల క్రితం ఒక రెండో భాగాన్ని కథానాయకుడు ప్రమాదంలో ఉండగా హఠాత్తుగా ఆపేశాను. ప్రివ్యూలో దీపాలు వెలిగినా జనం లేవలేదు. ఒక పెద్దాయన ఇంటర్వెల్ అనుకొని బయటకు వెళ్లి, సమోసా పొట్లంతో తిరిగి వచ్చి, ఖాళీ అవుతున్న హాలును చూసి తెల్లబోయాడు. ఆ సినిమాకు మూడో భాగం రాలేదు. అందుకే కంగారు పడుతున్న కుర్రవాళ్లకు నేను చెప్పేది ఒకటే: మళ్లీ చిత్రీకరించే ముందు సీన్ల వరుసను కాగితం మీద మార్చి చూడండి, దానికి పైసా ఖర్చు కాదు.

అపోహ: నవల అర్థం కాకనే, దారిలో ఫ్రోడోను పట్టుకునే సేనాని ఫారమిర్ పాత్రను పాడుచేశారు.

వాస్తవం: నవలను ప్రేమించినవారి బాధను నేను కొట్టిపారేయను. అక్కడ ఫారమిర్ ఉంగరాన్ని ఆశించడు, సినిమాలో ఫ్రోడోను బందీగా ఓస్గిలియాత్ దాకా తీసుకెళ్తాడు. అయితే గుహను మూడో భాగానికి పంపాక ఫ్రోడో దారిలో ఒక అడ్డంకి కావాలి కదా! పైగా అందరినీ లొంగదీసుకుంటుందని మొదటి సినిమా అంతా చెప్పిన ఉంగరం ఇతని ముందు ఏమీ చేయలేకపోతే దాని బలం మీద నమ్మకం పోతుంది. నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. తండ్రి మెప్పు కోసం ఫారమిర్ పడే ఆరాటాన్ని చూపే అన్న బోరోమిర్, తండ్రి డెనెథోర్‌ల గత ఘట్టం 179 నిమిషాల థియేటర్ ప్రతిలో లేదు, 2003లో వచ్చిన నిడివి పెంచిన ప్రతిలో మాత్రమే ఉంది. నేనైతే నవలలో లేని, ఆరగోర్న్ కొండ మీద నుంచి నదిలో పడి తేలే ఘట్టాన్ని తీసేసి దీన్ని ఉంచేవాడిని.

మిగతా పుకార్లకు ఇంత చోటు అనవసరం. సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లోని శాతం మార్కుల సగటు కాదు, అనుకూల సమీక్షల వాటా మాత్రమే. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్, ఫ్రోడో వంటి పొట్టి మనుషులైన హాబిట్‌లను పక్కకు నెట్టారని నొచ్చుకుంటూనే నాలుగుకు మూడు నక్షత్రాలు ఇచ్చారు, అలాంటి సమీక్ష కూడా అక్కడ అనుకూలం కిందికే వస్తుంది. సగటు తీసే మరో సైట్ మెటాక్రిటిక్‌లో మూడు సినిమాలకు వరుసగా 92, 87, 94 ఉన్నాయి. సినిమా పేరుకు న్యూయార్క్ జంట భవనాలతో ఏ సంబంధమూ లేదు, నవల 1954లోనే వస్తే వాటి నిర్మాణం మొదలైంది 1966లో.

గోలమ్ అంతా కంప్యూటర్ పనే అనేవారికీ, అంతా ఆండీ సెర్కిస్ నటనే అనేవారికీ సగం సగమే తెలుసు. సెర్కిస్ తోటి నటుల ఎదుట నటించాడు, ముఖ కవళికలను యానిమేటర్లు చేత్తో కూర్చారు. గోలమ్ తనతో తానే వాదించుకునే దృశ్యంలో మొదట కెమెరా ఒకే షాట్‌లో అటూ ఇటూ తిరుగుతుంది, తరువాత ఒక్కసారిగా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చున్నట్టు కట్‌లు పడతాయి. మనకు తెలియకుండానే ఒకడు ఇద్దరైపోతాడు. ఈ సినిమా ఎడిటర్ మైకేల్ హార్టన్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, అవార్డు మాత్రం ‘షికాగో’కు వెళ్లింది.