మూజువాణి ఓటు: లెక్క ఎందుకు పెట్టరు?

2014 జనవరి 30న హైదరాబాద్‌లో, అప్పటి ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన తీర్మానం మూజువాణి ఓటుతో, అంటే తలలు లెక్కపెట్టకుండా గొంతులు విని తేల్చే ఓటుతో, గట్టెక్కింది. విభజన బిల్లును తిరస్కరిస్తున్నామని చెప్పే తీర్మానం అది. సభలో ఒకటే గోల. ఆ గోలలోనే స్పీకర్ నాదెండ్ల మనోహర్ తీర్మానాన్ని ఓటుకు పెట్టారు, నెగ్గిందన్నారు, అయిపోయింది. తెలంగాణ ఎమ్మెల్యేలు భగ్గుమన్నారు. ఇది కూడా ఒక ఓటేనా అన్నారు.

సరిగ్గా 19 రోజులకు, ఫిబ్రవరి 18న, ఢిల్లీలో లోక్‌సభ అదే విభజన బిల్లును అదే మూజువాణి ఓటుతో పాస్ చేసింది. ఈసారి అదే ప్రశ్న సీమాంధ్ర వైపు నుంచి వచ్చింది. అటు సంబరాలు, ఇటు బంద్‌లు. మూడు వారాల్లో రెండు ప్రాంతాల వాళ్లూ ఒకే దెబ్బ తిన్నారు, ఒకే పద్ధతితో గెలిచారు. గెలిచిన రోజు మాత్రం ఆ పద్ధతి మీద ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు.

ఆ ఫిబ్రవరి 18 మధ్యాహ్నం సభలో జరుగుతున్నది దేశానికి కనిపించలేదు. లోక్‌సభ టీవీ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపం అన్నారు అధికారులు. నమ్మినవాళ్లు ఎంతమందో చెప్పలేం. అంతకు ఐదు రోజుల ముందే, ఫిబ్రవరి 13న, హోంమంత్రి సుశీల్‌కుమార్ షిండే బిల్లు ప్రవేశపెట్టే సమయంలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే కొట్టారు. సభ్యులు దగ్గుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. ఆంధ్రప్రదేశ్ ఎంపీలు పలువురు సస్పెండయ్యారు. అంటే బిల్లు పాసైన రోజున, దాన్ని గట్టిగా వ్యతిరేకించేవాళ్లలో చాలామంది అసలు సభలోనే లేరు.

ఇక్కడే ఒక విచిత్రం ఉంది. ఆ రోజు లెక్క పెట్టినా బిల్లు నెగ్గేదే. కాంగ్రెస్, బీజేపీ రెండూ మద్దతిచ్చాయి. తెలంగాణ ప్రజలు సోనియమ్మతో పాటు ఈ చిన్నమ్మనూ గుర్తుపెట్టుకోవాలని సుష్మా స్వరాజ్ సభలోనే అన్నారు. అసదుద్దీన్ ఒవైసీ, సౌగతా రాయ్ లాంటివాళ్లు సవరణలు పెట్టి డివిజన్, అంటే లెక్కపెట్టే ఓటింగ్, అడిగారు. మీట నొక్కి వేసే ఓటింగ్ మాత్రం జరగలేదు. రెండు రోజుల తర్వాత రాజ్యసభలోనూ డివిజన్ కావాలన్నారు. సభ సద్దుమణగకుండా కుదరదన్నారు డిప్యూటీ చైర్మన్ పి.జె. కురియన్. అక్కడా మూజువాణే. ఆ లెక్క పెట్టి ఉంటే, ఆ తర్వాత పదేళ్ల పాటు సాగిన ‘తలుపులేసి విభజించారు’ అనే మాటకు అంత బలం ఉండేది కాదని నా అభిప్రాయం. 2022 ఫిబ్రవరి 8న ప్రధాని మోదీ రాజ్యసభలో ఆ పెప్పర్ స్ప్రేనీ, మైకులు ఆపేశారన్న సంగతినీ మళ్లీ తవ్వితే తెలంగాణలో మళ్లీ నిరసనలు రేగాయి.

ఇంతకీ మూజువాణి అంటే ఏంటి? ఉర్దూలో ‘ముహ్ జబానీ’ అంటారు, నోటిమాటగా అని. కాగితం లేని ఒప్పందాలకు వాడిన మాట మన దగ్గర చట్టసభ మాట అయిపోయింది. అసెంబ్లీలో ‘అవుననేవారు అవుననండి, కాదనేవారు కాదనండి’ అని వినిపిస్తుంది. పార్లమెంటులో ‘ఆయ్’, ‘నో’. హిందీలో ‘హాఁ’, ‘నా’. ఏ గొంతు పెద్దదో అధ్యక్ష స్థానంలో ఉన్నవారి చెవి తేలుస్తుంది. ఇది బ్రిటన్ కామన్స్ సభ నుంచి వచ్చిన అలవాటు. అక్కడ గొంతులతో తేలకపోతే సభ్యులు లేచి రెండు లాబీల్లోంచి నడుస్తారు, లెక్కపెట్టేవాళ్లు తలలు లెక్కపెడతారు. సభ రెండుగా చీలుతుంది కాబట్టి డివిజన్ అన్నారు.

మన రాజ్యాంగంలో మూజువాణి అన్న ఊసే లేదు. 100వ అధికరణం చెప్పేది ఒక్కటే. హాజరై ఓటు వేసినవాళ్లలో మెజారిటీ ఎటుంటే అటు నిర్ణయం. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు, సరిసమానం అయితేనే వేస్తారు. ఆ మెజారిటీని ఎలా తెలుసుకోవాలన్నది సభ నియమావళి చూసుకుంటుంది. లోక్‌సభలో అది 367వ నియమం. ముందు గొంతులు. స్పీకర్ ‘అవుననేవారే ఎక్కువని అనుకుంటున్నాను’ అంటారు. గమనించండి, ‘అనుకుంటున్నాను’. ఎవరైనా దాన్ని కాదంటే లాబీలు ఖాళీ చేయమంటారు. మూడున్నర నిమిషాలు గడిచాక అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. మళ్లీ కాదంటే అప్పుడు లెక్క. ఒక వెసులుబాటు కూడా ఉంది. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కు అనిపిస్తే, ఇటువాళ్లను, అటువాళ్లను ఉన్నచోటే నిలబడమని తలలు లెక్కపెట్టి తేల్చేయొచ్చు. అప్పుడు పేర్లు రికార్డు కావు.

ఆ మూడున్నర నిమిషాలు చూడాల్సిన దృశ్యం. పార్లమెంటు భవనమంతా గంటలు మోగుతాయి. క్యాంటీన్లో ఉన్నవాళ్లు, పార్టీ ఆఫీసు గదిలో ఉన్నవాళ్లు, వరండాలో ఫోన్ మాట్లాడుతున్నవాళ్లు పరుగున వస్తారు. సభ్యుల్ని కూడగట్టే పార్టీ విప్‌లు గుమ్మం దగ్గర నిలబడి తమవాళ్లను లోపలికి తోలుతుంటారు. తర్వాత తలుపులు మూస్తారు. పాత భవనంలో సీటు ముందు ఒక మీట, దానితో పాటు మూడు బటన్లు: ఆకుపచ్చ అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. మొదటి గంట కొట్టగానే ఒక చేత్తో మీట, రెండో చేత్తో బటన్ ఒకేసారి నొక్కి పట్టుకోవాలి. పది సెకన్ల తర్వాత రెండో గంట కొట్టేదాకా వదలకూడదు. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి పక్కసీటు ఓటు వేయడం కుదరదు. ఈ యంత్రాలు 1957లో వచ్చాయి. దశాబ్దాలు వాడినా ప్రతిసారీ కొందరి ఓటు పడదు, కొందరిది తప్పు పడుతుంది. వాళ్లకు చీటీలు ఇస్తారు.

చాలా బిల్లులకు ఇదంతా అక్కర్లేదు, నిజమే. రోజుకు పదుల సవరణలు, ఒక్కో క్లాజుకు ఒక్కో ఓటు. ప్రతిదానికీ గంట కొట్టి తలుపులు మూస్తే పని సాగదు. ఏ వివాదమూ లేని బిల్లుకు మూజువాణి హాయి. రాజ్యాంగ సవరణకు మాత్రం తప్పించుకునే దారి లేదు. మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి కాబట్టి లెక్క పెట్టి తీరాలి.

ఆ లెక్క ఎంత సన్నగా తెగుతుందో 1970 సెప్టెంబర్ 5న రాజ్యసభ చూసింది. సంస్థానాధీశుల రాజభరణాలు రద్దు చేసే సవరణ బిల్లు. లోక్‌సభ దాటి వచ్చింది. రాజ్యసభలో అనుకూలం 149, వ్యతిరేకం 75. మొత్తం 224. అందులో మూడింట రెండొంతులంటే 149.33. ఒక ఓటులో మూడో వంతు తక్కువై ఇందిరా గాంధీ బిల్లు పడిపోయింది! ఆమె ఊరుకోలేదు. రాజులందరి గుర్తింపును రద్దు చేసే ఉత్తర్వు మీద రాష్ట్రపతి వి.వి. గిరి వెంటనే సంతకం పెట్టారు. ఆ సమయంలో ఆయన హైదరాబాద్‌లోనే ఉన్నారు. నిజాం వారసుడు ముకర్రం ఝా గుర్తింపు కూడా ఆ సంతకంతో పోయినట్టే. డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. రాజభరణాలు పోవడానికి 1971 చివర్లో 26వ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

1999 ఏప్రిల్ 17 సంగతి మనవాళ్లకు ఇంకా దగ్గరిది. జయలలిత మద్దతు తీసేశాక వాజపేయి విశ్వాస పరీక్షకు నిలబడ్డారు. స్పీకర్ స్థానంలో అమలాపురం ఎంపీ, తెలుగుదేశానికి చెందిన జి.ఎం.సి. బాలయోగి. కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒరిస్సా ముఖ్యమంత్రి, కానీ ఎంపీ పదవికి రాజీనామా చేయలేదు. ఆయన ఓటు వేయొచ్చా? బాలయోగి ఆ సంగతిని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. ఆయన ఓటు వేశారు. బోర్డు మీద 269, 270. ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలిపోయింది. గమాంగ్ ఆగి ఉంటే 269కి 269. అప్పుడు ఓటు వేయాల్సింది బాలయోగే, ఆయన పార్టీ ఆ రోజు వాజపేయి వైపే ఉంది. పార్టీ పట్టింపు ఎక్కువున్న మనిషి ఎవరైనా అక్కడ కూర్చుని ఉంటే గమాంగ్‌ను ఆపే సాకు వెతికేవారేమో. ఆయన వెతకలేదు.

లెక్క పెడితే ఇంకో పని కూడా జరుగుతుంది. ఎవరు ఎటు ఓటేశారో కాగితం మీద ఉంటుంది. 1993 జులై 28న పి.వి. నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాసం 251–265తో వీగిపోయింది. కొందరు ఎంపీలు డబ్బు తీసుకుని ఓటేశారన్న ఆరోపణతో కేసు నడిచింది. 1998లో సుప్రీంకోర్టు 3–2 తీర్పులో, సభలో వేసిన ఓటుకు రక్షణ ఉంది కాబట్టి వాళ్లను విచారించలేమంది. దాని ఫలితం వింతగా తేలింది. డబ్బు తీసుకుని ఓటేసినవాడికి రక్షణ, తీసుకుని ఓటు వేయనివాడికి లేదు. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టేదాకా అదే చట్టం.

1985లో ఫిరాయింపుల చట్టం వచ్చాక, ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని (దాన్నీ విప్ అంటారు) ధిక్కరిస్తే సీటే పోతుంది. కానీ గొంతుల ఓటులో ఎవరు అరిచారో, ఎవరు పెదవి కదపకుండా కూర్చున్నారో ఎవరికి తెలుసు? నియోజకవర్గంలో ఒక మాట, ఢిల్లీలో ఇంకో మాట చెప్పే ఎంపీకి మూజువాణి లాంటి గొడుగు మరొకటి దొరకదు. అందుకే గోల చేసేవాళ్లంతా నిజంగా లెక్క కోరుకుంటారని నేను అనుకోను.

2018 మార్చిలో గోల సంగతి ఇంకోలా తిరిగింది. ప్రత్యేక హోదా మీద వైఎస్సార్‌సీపీ, తెలుగుదేశం అవిశ్వాస నోటీసులు ఇచ్చాయి. నోటీసు తీసుకోవాలంటే 50 మంది లేచి నిలబడాలి, స్పీకర్ లెక్కపెట్టాలి. వేరే పార్టీల వాళ్లు వెల్‌లో, అంటే స్పీకర్ ముందున్న ఖాళీ జాగాలో, ప్లకార్డులతో నిలబడ్డారు. సభ ఆర్డర్‌లో లేదు, తలలు లెక్కపెట్టలేను అన్నారు స్పీకర్ సుమిత్రా మహాజన్. రోజూ అదే మాట, రోజూ వాయిదా. తమాషా ఏమిటంటే అదే నెలలో, అదే గోలలో, బడ్జెట్ పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి గిలటిన్‌లో పాసయ్యాయి. గొంతులు వినడానికి అడ్డురాని గోల, తలలు లెక్కపెట్టడానికి మాత్రం అడ్డొచ్చింది. చివరికి జులై 20న కేశినేని నాని నోటీసు మీద చర్చ జరిగింది, గల్లా జయదేవ్ మొదలుపెట్టారు. 325–126తో అవిశ్వాసం వీగిపోయింది.

2020 సెప్టెంబర్ 20, ఆదివారం. కొవిడ్ వల్ల రాజ్యసభ సభ్యులు రెండు సభల్లోనూ, గ్యాలరీల్లోనూ చెల్లాచెదురుగా కూర్చున్నారు. సాగు బిల్లుల్ని సెలెక్ట్ కమిటీకి పంపాలన్న సవరణలపై డివిజన్ అడిగారు ప్రతిపక్షాలవాళ్లు. తమ సీట్లో ఉండి అడిగితేనే అన్నారు డిప్యూటీ చైర్మన్ హరివంశ్. సీట్లోంచే అడిగామని అవతలివాళ్లు. వెల్‌లోకి దూకారు, రూల్ బుక్ ఎత్తి చూపారు, మైకులు లాగారు. బిల్లులు మూజువాణితో పాసయ్యాయి. మర్నాడు చైర్మన్ వెంకయ్యనాయుడు ఎనిమిది మందిని సస్పెండ్ చేశారు, హరివంశ్ మీద ఇచ్చిన నోటీసును తోసిపుచ్చారు. 2014లో ఇదే రాజ్యసభలో ప్రతిపక్షం బెంచీల మీద కూర్చుని విభజన బిల్లుకు సవరణల కోసం పట్టుబట్టింది కూడా వెంకయ్యనాయుడే. ఏడాదికి పైగా ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నాక, 2021 నవంబర్ 29న ఆ చట్టాలు రద్దయ్యాయి. రెండు సభల్లోనూ, చర్చ లేకుండా, నిమిషాల్లో. మళ్లీ మూజువాణి ఓటుతోనే.

ఈమధ్య పెద్ద బిల్లులకు లెక్క పెడుతున్నారు. 2023 సెప్టెంబర్ 20న కొత్త భవనంలో మహిళా రిజర్వేషన్ బిల్లుకు చీటీలతో ఓటింగ్ జరిగింది: 454 అనుకూలం, 2 వ్యతిరేకం. ఆ రెండూ మజ్లిస్ ఓట్లు. 2024 డిసెంబర్ 17న ఒకే దేశం ఒకే ఎన్నిక బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు కొత్త లోక్‌సభలో మొదటిసారి యంత్రం వాడారు. ముందు 220–149 వచ్చింది, చీటీలు కలిపాక 269–198. ప్రవేశపెట్టడానికి అది చాలు. కానీ ఆ హాజరీతోనే పాస్ చేయాలంటే 312 కావాలి. మూడింట రెండొంతులు లేవని ప్రతిపక్షం వెంటనే ఎత్తిచూపింది. గొంతులతో తేల్చి ఉంటే ఆ తేడా బయటపడేదే కాదు. 2025 ఏప్రిల్ 2న మొదలైన వక్ఫ్ సవరణ బిల్లు చర్చ అర్ధరాత్రి దాటింది. 288–232తో పాసైంది. వెంటనే, అదే రాత్రి రెండు దాటాక, మణిపూర్‌లో రాష్ట్రపతి పాలనకు ఆమోదం తెలిపే తీర్మానం తీసుకున్నారు. కాసేపు మాట్లాడి మూజువాణితో ముగించారు.

మీ ఎంపీ వక్ఫ్ బిల్లుకు ఎటు ఓటేశారో లోక్‌సభ రికార్డుల్లో పేరుతో సహా దొరుకుతుంది. 2014 ఫిబ్రవరి 18 నాటి రికార్డు తీసి చూస్తే, ఆంధ్రప్రదేశ్‌ను రెండు చేసిన ఓటు దగ్గర పేర్లూ ఉండవు, అంకెలూ ఉండవు. ప్రతిపాదన ఆమోదం పొందిందని ఒక్క ముక్క ఉంటుంది.