హోజు నది లోయలో రైలు, పడవ: అపోహలు - వాస్తవాలు

జపాన్‌కు వచ్చే తెలుగు కుటుంబాలకు క్యోటో పరిసరాలు చూపించడం నా వృత్తి. గుడులు, కోటల కంటే నన్ను ఎక్కువ మంది అడిగేది ఒకే ఒక్క రోజు ప్రయాణం గురించి. ఉదయం క్యోటో పశ్చిమ శివారులోని అరషియామా దగ్గర సగానో తొరొక్కో అనే చిన్న పర్యాటక రైలెక్కి లోయ వెంట కమెయోకా పట్టణం దాకా వెళ్లడం, అక్కడి నుంచి అదే లోయలో హోజు నది మీద పడవలో మళ్లీ అరషియామాకు దిగి రావడం. క్యోటోలో ఒక్క రోజే మిగిలి ఉన్నవారికి కూడా నేను ఇదే చెబుతాను, అంత ఇష్టం నాకు ఈ దారి. అయితే చిన్న చిన్న వీడియోలు చూసి వచ్చేవారి మనసులో కొన్ని అభిప్రాయాలు గట్టిగా నాటుకుని ఉంటాయి. అన్నిటికంటే పెద్ద పొరపాటు రోజు మొత్తాన్ని రైలు వేళల చుట్టూ అల్లుకోవడం. అల్లుకోవలసింది పడవ చుట్టూ. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

అపోహ: ఇది పర్యాటకుల కోసం కట్టిన ఆవిరి రైలు.

పట్టాలు పర్యాటకుల కోసం వేసినవి కావు. క్యోటో నుంచి పశ్చిమాన సొనోబె వరకు 1899లో పూర్తయిన రైలు మార్గంలో ఈ లోయ ఒక భాగం. తర్వాత అది సానిన్ ప్రధాన మార్గంలో కలిసింది. నది వంపుల వెంట ఒంటి పట్టా మీద నడిచే రైళ్లు పెరిగే రద్దీకి సరిపోక, కొండల్లో సొరంగాలు తవ్వి జంట పట్టాల కొత్త మార్గం వేశారు. 1989లో రైళ్లన్నీ అటు మళ్లాయి, పాత పట్టాలు మూలన పడ్డాయి. వాటిని బాగుచేసి 1991 ఏప్రిల్ 27న మళ్లీ తెరిచారు. మొదట్లో కొద్దిమంది ఉద్యోగులే పొదలు నరికి, పట్టాల పక్కన చెర్రీ, మేపుల్ మొక్కలు నాటారు. ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే చెట్లలో చాలావరకు వాళ్లు నాటినవే.

లాగేది డీజిల్ ఇంజను. తొరొక్కో సగా స్టేషన్ దగ్గర ప్రదర్శనకు పెట్టిన పాత ఆవిరి ఇంజన్లను చూసి చాలామంది పొరబడుతుంటారు. మొత్తం దూరం 7.3 కిలోమీటర్లు, పట్టే సమయం దాదాపు 25 నిమిషాలు. అందమైన చోట్ల రైలు నెమ్మదిస్తుంది. అయిదు పెట్టెల్లో చివరిదానికి కిటికీ అద్దాలే ఉండవు. పిల్లలకు అదే నచ్చుతుంది, కానీ వాన పడితే తడవక తప్పదు.

అపోహ: రైలు దిగగానే పడవ ఎక్కేయవచ్చు.

దీని వల్లే ఎక్కువ మంది ఇబ్బంది పడతారు. తొరొక్కో కమెయోకా స్టేషన్ పొలాల మధ్య ఉంటుంది. పడవల రేవు ఉన్నది కమెయోకా పట్టణం వైపు, జేఆర్ (జపాన్ రైల్వేస్, అంటే మామూలు రైళ్లు నడిపే సంస్థ) కమెయోకా స్టేషన్‌కు నడక దూరంలో. ఆ రెండు చోట్లనూ కలిపే బస్సు ఉంది, సుమారు పావుగంట పడుతుంది. బస్సు తప్పితే పది నిమిషాలు నడిచి జేఆర్ ఉమహోరి స్టేషన్ చేరుకుని, ఒక్క స్టేషన్ ముందుకు వెళ్లి కమెయోకాలో దిగి, మళ్లీ పది నిమిషాలు నడవాలి. రైలు కమెయోకా చేరే వేళకూ పడవ బయలుదేరే వేళకూ మధ్య కనీసం గంటన్నర ఉంచుకోమని నేను పట్టుబట్టి చెబుతాను. పెద్దవాళ్లు వెంట ఉంటే రెండు గంటలు. ఆ సమయం వృథా కాదు, భోజనానికి పనికొస్తుంది.

భోజనం మాట వచ్చింది కాబట్టి కమెయోకాలో దుకాణానికి వెళ్లేటప్పుడు సంచి వెంట తీసుకెళ్లండి. దుకాణాలు ప్లాస్టిక్ సంచులు ఇవ్వకూడదని 2021 జనవరి నుంచి ఈ నగరంలో స్థానిక చట్టం అమలులో ఉంది. జపాన్‌లో అలాంటి చట్టం తెచ్చిన మొదటి ఊరు ఇదే. దాని వెనక పడవ నడిపేవారి శ్రమ ఉంది. వరదలు వచ్చినప్పుడల్లా లోయలో కొమ్మలకు చిక్కుకున్న ప్లాస్టిక్‌ను చూసి బాధపడి, తమంతట తామే ఏరడం మొదలుపెట్టినవారు వాళ్లే. ఊరు తర్వాత వాళ్ల వెంట నడిచింది. మనం ఒక సీసా మూత కూడా నీళ్లలో పడేయకుండా దిగడం వాళ్లకు మనం చూపగల కనీస గౌరవం.

అపోహ: జేఆర్ పాస్ (విదేశీ పర్యాటకులు జేఆర్ రైళ్ల కోసం కొనుక్కునే పాస్) ఉంటే ఈ రైలు ఉచితం, లేకపోయినా మామూలు రైల్లో అవే దృశ్యాలు కనిపిస్తాయి.

రెండూ సరికాదు. ఇటువైపు పాస్ చెల్లేది మామూలు జేఆర్ సగానో మార్గంలో మాత్రమే. తొరొక్కో రైలుకు విడిగా టికెట్ కొనాలి, సీట్లన్నీ రిజర్వు చేసినవే. ప్రయాణ తేదీకి నెల ముందు నుంచి అమ్ముతారు. ఇక మామూలు రైలు చాలావరకు సొరంగాల్లో నుంచే వెళుతుంది, నది వంతెనల మీద కొన్ని క్షణాలు మాత్రం కనిపించి మాయమవుతుంది.

అపోహ: ఎడమవైపు సీటు దొరక్కపోతే డబ్బు దండగ.

కుడివైపు అని వాదించేవారూ ఉన్నారు. దారి మధ్యలో రైలు వంతెన మీద నది దాటుతుంది, అంటే నది ఒక పక్క నుంచి మరో పక్కకు మారుతుంది. ఎటు కూర్చున్నా మీ వాటా మీకు దక్కుతుంది.

అపోహ: ఈ పడవ సరదా కోసం ఈమధ్య మొదలుపెట్టింది.

నన్ను అడిగితే ఈ ప్రయాణంలో అసలు విశేషం ఇక్కడే ఉంది. 794లో క్యోటో రాజధాని కాకముందు నుంచే ఈ నది మీద ఎగువనున్న తంబా కొండల కలప తెప్పలుగా కిందికి దిగేది. కానీ బండలు అడ్డుగా ఉండడంతో సరుకుల పడవలు నడిచేవి కావు. క్యోటోకు చెందిన సంపన్న వర్తకుడు సుమినోకురా ర్యోయి 1606లో ఆ దారి తెరిపించాడు. పెద్ద బండలను తాళ్లతో, రాట్నాలతో లాగించాడు. నీటి అడుగున ఉన్నవాటిని, పైన మంచె కట్టి బరువైన ఇనుప కడ్డీలు పడేసి పగలగొట్టించాడు. నీటిపైకి తేలి ఉన్నవాటిని మంటపెట్టి కాల్చి పగిలేలా చేయించాడు. కొన్ని నెలల్లోనే పని ముగిసింది. బియ్యం, గోధుమలు, వంటచెరకు, బొగ్గు నేరుగా క్యోటో ముంగిటికి చేరడం మొదలైంది. వయసు మళ్లాక ఇదే మనిషి క్యోటో నగరంలో తకసె కాలువ కూడా తవ్వించాడు.

కిందికి రావడం సరే, ఖాళీ పడవ పైకి ఎలా వెళ్లేది? మనుషులే లాగారు. గోదావరి డెల్టా కాలువల్లో గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగినట్టే, కాకపోతే ఇక్కడ గట్టు అంటే కొండ అంచున బండల మీద వేసిన సన్నని దారి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పడవలను లారీల మీద ఎక్కించి వెనక్కి పంపడం వచ్చేదాకా ఆ చాకిరీ సాగింది. తాళ్లు రాసుకుని బండల మీద పడిన గాట్లు ఇప్పటికీ ఉన్నాయి, పడవ వాళ్లు చూపిస్తారు. దశాబ్దాలుగా గెడ ఒకే చోట మోపడం వల్ల రాతిలో పడిన గుంటలు కూడా చూపిస్తారు. జపనీస్ అర్థం కాకపోయినా, ఎవరైనా బండ వైపు వేలు చూపిస్తే ఫోను పక్కన పెట్టి చూడండి.

పర్యాటకులను ఎక్కించుకోవడం 1895 ప్రాంతంలో మొదలైంది. రైలు వచ్చి సరుకు లాక్కున్నాక నది మీద మిగిలిన జీవనోపాధి ఇదే. ఇప్పుడు పడవలు చెక్కవి కావు, ఫైబర్‌తో చేసిన బల్లపరుపు అడుగు పడవలు. నడిపే తీరు మాత్రం పాతదే: ముందు ఒకరు వెదురు గెడతో, మధ్యలో తెడ్డుతో, వెనక చుక్కాని పట్టి మరొకరు. లోయ పొడవునా మోటారు చప్పుడు ఉండదు. 16 కిలోమీటర్లు, దాదాపు రెండు గంటలు. నీరు ఎక్కువగా ఉంటే ఇంకా తొందరగా చేరతారు.

అపోహ: పాపికొండల లాంచీ ప్రయాణంలా హాయిగా భోంచేస్తూ వెళ్లవచ్చు.

కొండల మధ్య నది అన్నంత వరకే పోలిక. ఇది ఇరవై మందికి కాస్త పైగా పట్టే చిన్న పడవ. మరుగుదొడ్డి లేదు. తక్కువ ఎత్తు బల్లల మీద, లేవకుండా, దగ్గరగా కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు, తాతయ్యలు ఎక్కగలరా అని అడిగితే నా జవాబు ఇది: ఎక్కడం దిగడం కంటే రెండు గంటలు కాళ్లు మడుచుకుని ఉండటం కష్టం. అది చేయగలరనుకుంటేనే తీసుకెళ్లండి, లేకపోతే వారిని రైల్లోనే రానుపోను తిప్పండి. అందులో తక్కువేమీ లేదు. గర్భిణులను నేను పడవ ఎక్కనివ్వను. పెద్ద సూట్‌కేసులు క్యోటో స్టేషన్ లాకర్లలోనే వదిలి రావాలి.

ప్రయాణం చివరలో, నీరు నిదానించిన చోట, తినుబండారాల పడవ ఒకటి వచ్చి మన పడవకు ఆనుకుంటుంది. కాల్చిన స్క్విడ్, ఓదెన్ (పులుసులో ఉడికించిన ముక్కలు), బియ్యప్పిండి ఉండలు అమ్ముతారు. శాకాహారులు ఓదెన్‌లో కనిపించే ముల్లంగి, గుడ్డు చూసి మోసపోవద్దు, ఆ పులుసు సాధారణంగా చేపతో కాచినదే. పులిహోరో, చపాతీలో కట్టుకుని వస్తే పడవ ఎక్కే ముందు కమెయోకాలో తినేయడం ఉత్తమం.

అపోహ: లైఫ్ జాకెట్ నామమాత్రమే. ఇంకో అపోహ: ఒకసారి ప్రమాదం జరిగింది కాబట్టి అసలు ఎక్కకూడదు.

2023 మార్చి 28న ఇక్కడ పడవ బోల్తా పడింది. అందులో 25 మంది ప్రయాణికులు, నలుగురు పడవ వాళ్లు ఉన్నారు. చుక్కాని పట్టిన వ్యక్తి నీళ్లలో పడిపోవడంతో అదుపు తప్పిన పడవ బండను ఢీకొంది. పడవ వాళ్లలో ఇద్దరు చనిపోయారు. ఆ ఏడాది జులై వరకు పడవలు ఆగిపోయాయి, భద్రతా ఏర్పాట్లు మార్చాకే మళ్లీ నీళ్లలోకి దిగాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగినది తెలిసిన మనకు దీని బరువు వేరే చెప్పనక్కర్లేదు. ఈ విషయం నేను ఎవరి దగ్గరా దాచను. తెలిసి ఎక్కడమే మంచిది.

ఇది బండల మధ్య సుడులు తిరిగే నిజమైన నది. జాకెట్ ఎలా కట్టుకోవాలో, నీళ్లలో పడితే అది ఎలా పనిచేస్తుందో రేవులో చూపిస్తారు. భాష రాకపోయినా చేతులు చూస్తే అర్థమవుతుంది. ఆ సమయంలో సెల్ఫీలు తీసుకునేవారిని నేను ఆపుతాను. పట్టీ బిగించుకోండి, పిల్లల పట్టీ మీరే సరిచూడండి, నీటి మీద ఎవరూ లేచి నిలబడకండి. నీళ్లు ఎగిరిపడే చోట అడ్డు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ పట్టా ఇస్తారు, అందరూ కలిసి ఎత్తి పట్టుకోవాలి.

అపోహ: ముందే బుక్ చేసుకున్నాం, ఎండ కాస్తోంది, ఇక పడవ తప్పకుండా నడుస్తుంది.

నిర్ణయించేది నీటి మట్టం, మీ నెత్తిమీది ఆకాశం కాదు. నిన్న ఎగువన కురిసిన వాన ఈరోజు పడవలను ఆపగలదు, ఎగువ డ్యామ్ నుంచి నీరు వదిలినా అంతే. రోజును పడవ చుట్టూ అల్లుకోమన్నది అందుకే. క్యోటోలో మూడు రోజులు ఉంటే మొదటి రోజే పెట్టుకోండి, ఆగిపోతే మరో రోజుకు మార్చుకోవచ్చు. ఆ ఉదయం పడవలు నడుస్తున్నాయో లేదో చూసుకున్నాకే హోటల్ నుంచి బయలుదేరండి. నడవకపోతే తొరొక్కో రైల్లోనే తిరిగి రండి. పడవ టికెట్ కొనే విషయంలోనూ జాగ్రత్త. పెద్దలకు 6,000 యెన్లు అంటే రైలు టికెట్‌తో పోలిస్తే చాలా ఎక్కువ, తొందరపడి మధ్యవర్తుల దగ్గర ఇంకా ఎక్కువ పెట్టి కొనకండి.

అపోహ: శరదృతువులో తప్ప వెళ్లడం వ్యర్థం.

నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం వరకు ఎరుపెక్కిన లోయ అద్భుతమే, జనం కూడా అంతే. నా ఓటు మే నెల లేత ఆకుపచ్చకు. చెర్రీ పూలు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. శరత్తు చివర, చలికాలం ఉదయాల్లో కమెయోకా అంతా దట్టమైన పొగమంచు కమ్ముతుంది. అది చూసి నిరాశపడవద్దు, మధ్యాహ్నానికి చాలాసార్లు విడిపోతుంది.

చలికాలం గురించి చాలామందికి తెలియనిది ఒకటుంది. డిసెంబరు 30 నుంచి ఫిబ్రవరి చివరి వరకు తొరొక్కో రైలు నడవదు, కానీ పడవ కొత్త సంవత్సరపు సెలవులు మినహా నడుస్తుంది. చుట్టూ ప్లాస్టిక్ తెరలు కట్టి, లోపల వేడి పెడతారు. అప్పుడు మామూలు జేఆర్ రైల్లో కమెయోకా వెళ్లి పడవలో దిగి రావచ్చు. మిగతా నెలల్లో కూడా తొరొక్కో రైలుకు చాలా బుధవారాలు సెలవు, ముఖ్యమైన సీజన్లలో మాత్రం నడుపుతారు. తేదీ ఖరారు చేసుకునే ముందు ఇది చూసుకోండి.

అపోహ: అరషియామాలోని పేరున్న వెదురు తోపు సాయంత్రం పడవ దిగాక చూడవచ్చు.

చూడవచ్చు, కానీ మనుషుల తలలే ఎక్కువ కనిపిస్తాయి. తొరొక్కో అరషియామా స్టేషన్ వెదురు తోపు పక్కనే ఉంది. ఉదయం ఎనిమిది లోపే తోపులోకి వెళ్లి, నిదానంగా నడిచి, పది గంటల ప్రాంతంలో అక్కడే రైలెక్కండి. సీట్లు రిజర్వు చేసినవే కాబట్టి ముందు స్టేషన్‌లో ఎక్కవలసిన అవసరం లేదు. పదిన్నరకు కమెయోకా చేరి, భోజనం చేసి, మధ్యాహ్నం పన్నెండు లేదా ఒంటిగంట పడవ పట్టుకుంటే మూడు గంటలకల్లా అరషియామాలోని తొగెత్సుక్యో వంతెన దగ్గర దిగుతారు. అక్కడి నుంచి జేఆర్ సగా-అరషియామా స్టేషన్‌కు నడక పావుగంట, ఆ రైలు మరో పావుగంటలో క్యోటో స్టేషన్ చేరుస్తుంది.