ఆర్‌ఎన్‌ఏ మందు ఎముక మజ్జకు చేరడం గురించి: అపోహలు - వాస్తవాలు

అపోహ: రక్తంలోకి ఎక్కిస్తే చాలు, ఆర్‌ఎన్‌ఏ మందును మోసే నానోకణం (అతిసూక్ష్మ కొవ్వు బిందువు) మజ్జను వెతుక్కుంటూ వెళుతుంది.

వాస్తవం: అది ముందుగా వెళ్లేది కాలేయానికి. రక్తంలో పడగానే ఈ కొవ్వు నానోకణాల మీద అపోఇ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. కాలేయ కణాలపై ఉన్న ఎల్‌డీఎల్ గ్రాహకాలు దాన్ని గుర్తుపట్టి, కొలెస్ట్రాల్‌ను తీసుకున్నట్టే పరిశోధకులమైన మా మందునూ లోపలికి లాగేసుకుంటాయి. 2018లో అమెరికాలో అనుమతి పొందిన పటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందుకు ఈ దారే కలిసొచ్చింది, ఎందుకంటే అది వాడే వంశపారంపర్య అమిలాయిడోసిస్ జబ్బుకు మూలమైన ప్రోటీన్ ప్రధానంగా తయారయ్యేది కాలేయంలోనే. మజ్జ కోసం పనిచేసే మాకు మాత్రం అదే అడ్డంకి. లూసిఫరేజ్ అనే వెలుగునిచ్చే ఎంజైమ్‌ను తయారుచేయించే ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ) ఎక్కించిన ఎలుకను కెమెరా కింద పడుకోబెట్టి, తొడ ఎముక వెలుగుతుందేమోనని ఎదురుచూస్తే, పక్కటెముకల కింద కాలేయం ఒక్కటే దివిటీలా వెలిగిన రోజులు నాకు చాలానే ఉన్నాయి.

అపోహ: నానోకణానికి యాంటీబాడీ (ఫలానా లక్ష్యాన్నే పట్టుకునే ప్రోటీన్) తగిలిస్తే ఆ చిక్కు తీరిపోతుంది.

వాస్తవం: కొంతవరకే తీరుతుంది. రక్తకణాలన్నిటికీ మూలమైన మూలకణాలపై ఉండే సీడీ117 అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలను అతికించి, ఫిలడెల్ఫియా పరిశోధకులు ఎలుకల మజ్జలోని మూలకణాలకు ఎంఆర్‌ఎన్‌ఏను చేర్చినట్టు 2023లో ప్రకటించారు. అయితే సీడీ117 అలర్జీలో పాత్ర ఉన్న మాస్ట్ కణాలపైనా ఉంటుంది, కాలేయమూ తన వాటా వదులుకోదు.

అపోహ: కణంలోకి చేరితే పని పూర్తయినట్టే.

వాస్తవం: నా దృష్టిలో అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. కణం మింగిన నానోకణం ఎండోసోమ్ అనే సంచిలో చిక్కుకుంటుంది. అందులో ఆమ్లత పెరిగాక నానోకణంలోని లిపిడ్ (కొవ్వు) ధనావేశం పొంది, సంచి పొరను చెదరగొట్టి ఆర్‌ఎన్‌ఏను బయటికి వదలాలి. ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (జన్యువు పనిని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో అలా బయటపడింది 1 నుంచి 2 శాతమే. టీ కణాలనే తెల్ల రక్తకణాలైతే నానోకణాన్ని మింగడమే తక్కువ.

అపోహ: ఎంఆర్‌ఎన్‌ఏ మన జన్యువులను మార్చేస్తుంది.

వాస్తవం: తనంతట తాను మార్చదు, కొద్ది కాలంలోనే విచ్ఛిన్నమైపోతుంది. జన్యు సవరణ ఎంజైమ్‌ను తయారుచేయించే ఎంఆర్‌ఎన్‌ఏను పనిగట్టుకుని పంపినప్పుడు మాత్రం ఆ ఎంజైమ్ చేసే మార్పు శాశ్వతంగా ఉండిపోతుంది.

అపోహ: సికిల్ సెల్‌కు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) ఈ సూది వచ్చేసింది.

వాస్తవం: 2023లో అనుమతి పొందిన కాస్‌జెవీ అనే జన్యు సవరణ చికిత్స ఇలాంటిది కాదు. అందులో రోగి మూలకణాలను బయటికి తీసి సవరించి, బుసల్ఫాన్ అనే కీమో మందుతో పాత మజ్జను ఖాళీ చేశాకే తిరిగి ఎక్కిస్తారు. ఆదిలాబాద్, పాడేరు వైపు మన్యంలో ఈ జబ్బుతో బతికే కుటుంబాలకు అంతటి చికిత్స అందనంత దూరం; శరీరంలోనే మజ్జను చేరే దారి కోసం మా తాపత్రయమంతా అందుకే. ఈలోగా ఈ జబ్బుకు హైడ్రాక్సీయూరియా అనే మందు వాడుతున్నవారు డాక్టరును అడగకుండా దాన్ని ఆపకూడదు.