చుండ్రు షాంపూ ఒంట్లోకి ఎంత దిగుతుంది?

నల్లగొండ

దేవరకొండ హాస్టల్లో చదువుకుంటున్న నా మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

డాక్టరు రాసిన చుండ్రు షాంపూ మాడు గుండా రక్తంలోకి పోయి కాలేయాన్ని పాడుచేస్తుందని ఎవరో అంటే, మీరు దాన్ని పక్కన పెట్టేశారని మీ అమ్మ చెప్పింది. ఆ మాట నిజమేనా అని మీరు అడిగినందుకు సంతోషించి, వివరంగా రాస్తున్నాను.

మన చర్మం పైపొర మిల్లీమీటరులో నూరో వంతుకు కాస్త అటూ ఇటుగా ఉంటుంది. అయినా బయటి పదార్థాల్లో ఏది లోపలికి పోవాలో చాలావరకు అదే తేలుస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఎందరి ఎముకలనో వంచిన ఫ్లోరైడు తాగిన నీళ్ల వల్ల ఒంట్లో చేరిందే తప్ప, ఆ నీళ్లతో స్నానం చేసినందుకు కాదు. నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడును చర్మం దాదాపుగా రానివ్వదు. పత్తి చేలో ప్రొఫెనోఫాస్ వంటి మందు కొట్టేవారి సంగతి వేరు. అది కొవ్వులో కరుగుతుంది కనుక, తడిసిన చొక్కాతో పొద్దంతా పనిచేసేవారి ఒంట్లోకి చర్మం గుండానే దిగగలదు. అందుకే ఏ పదార్థం, ఎంతసేపు, ఎలాంటి చర్మం మీద అన్న మూడు సంగతులూ కలిపి చూడాలి.

మాడు నిజంగానే కొంత ఎక్కువ పీల్చుకుంటుంది. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే, వాపు తగ్గించే మందు రాసి చూస్తే, ముంజేతి కంటే మాడు గుండా మూడున్నర రెట్లు లోపలికి పోయింది. అయితే అది రాసి గంటల తరబడి ఉంచిన మందు. మీ షాంపూ అయిదు నిమిషాల్లో కడిగేసేది. అందులో శిలీంధ్రాన్ని అణిచే మందు కీటోకొనజోల్. దాని అణువు బరువు 531 డాల్టన్లు. 500 దాటిన అణువులు మామూలు చర్మం గుండా పోవడం కష్టం. నెలల తరబడి ఆ షాంపూ వాడినవారి రక్తాన్ని పరీక్షించినా ఆ మందు కనబడలేదు. కాలేయం గురించి 2013లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించిన మాట నిజమే కానీ, అది మింగే మాత్రల గురించి. మీరు విన్న భయానికి మూలం అదే అయి ఉంటుంది.

దుకాణాల్లో దొరికే చుండ్రు షాంపూల్లో తరచు ఉండే జింక్ పైరిథియోన్‌ను 2022 మార్చి నుంచి ఐరోపా సమాఖ్య సౌందర్య సాధనాల్లో నిషేధించింది. కడిగేసే షాంపూలో ఒక శాతం దాకా సురక్షితమేనని వారి శాస్త్ర సంఘమే 2020లో చెప్పింది. అయితే పునరుత్పత్తికి హాని చేయగల పదార్థాల జాబితాలో చేరిన దాన్ని, ప్రత్యామ్నాయాలు ఉండగా అనుమతించకూడదని అక్కడి చట్టం. ఆ జాగ్రత్త నాకు నచ్చింది, కానీ దాన్నిబట్టి ఆ షాంపూ వాడినవారికి హాని జరిగిందనుకోకండి.

అసలు జాగ్రత్త పుండ్ల దగ్గర, పసిపిల్లల దగ్గర అవసరం. గోకి గోకి రక్తం చిమ్మిన మాడు మీద పైపొర చెడిపోతుంది కనుక, అది మానేదాకా ఆగండి. మీ షాంపూను చంటి తమ్ముడికి ఎన్నడూ రుద్దకండి. పసివాళ్ల బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ. 1972లో ఫ్రాన్సులో పొరపాటున ఆరు శాతం హెక్సాక్లోరోఫిన్ అనే క్రిమిసంహారక మందు కలిసిన టాల్కం పౌడరు చర్మం గుండా దిగి 36 మంది పిల్లలు చనిపోయారు.

ఇక మీరు చేస్తున్న తప్పు ఒకటుంది. బకెట్టు కోసం వెనక పిల్లలు తొందరపెడుతున్నారని, పైగా భయంతో, నురగ రాగానే కడిగేస్తున్నారట. చుండ్రుకు తోడ్పడే మలసీజియా అనే శిలీంధ్రం మాడు మీది జిడ్డును తిని బతుకుతుంది. మందు దానికి తగలాలంటే వ్యవధి కావాలి. జడకు కాకుండా మాడుకు, వేళ్ల కొసలతో రుద్ది, మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి, కళ్లలో పడకుండా కడగండి. డాక్టరు వేరుగా చెప్పకపోతే వారానికి రెండుసార్లు, నాలుగు వారాల దాకా వాడవచ్చు. ఆ రోజుల్లో రాత్రంతా నూనె పట్టించి పడుకోకండి. మంట పుట్టినా, ఎర్రగా కందినా ఆపేసి, వార్డెనమ్మకు చెప్పి మళ్లీ డాక్టరుకు చూపించుకోండి.

మీ తాతయ్య