ఆరు అంకెల మడవలు

చిరంజీవులైన పిల్లలకు,

"చిరునామాలో ఆత్మకూరు అని రాశాక మళ్లీ ఈ ఆరు అంకెలు ఎందుకు తాతయ్యా?" అని పెద్దపిల్ల అడిగింది. మన ఆత్మకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. నంద్యాల జిల్లాలో ఒకటుంది, వనపర్తిలో ఇంకొకటి. వట్టి పేరు చూసి ఉత్తరాన్ని ఎటు పంపుతారు? ఈ చిక్కు తీర్చడానికే 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ పెట్టారు.

సోమశిల నీళ్లు పొలానికి ఎలా చేరతాయో మీరు చూశారు. పెద్ద కాలువ, పిల్ల కాలువ, ఆపైన మడి. ఒక్కోచోట మడవ తీస్తే నీరు అటు మళ్లుతుంది. ఈ అంకెలూ మడవలే. మొదటి 5 ఉత్తరాన్ని ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు తిప్పుతుంది. మొదటి మూడూ 524 అయితే నెల్లూరు, 523 అయితే ఒంగోలు వైపు. చివరి మూడు అంకెలు ఏ పోస్టాఫీసుకో చెబుతాయి. నీరు పల్లానికే పారుతుంది గానీ, ఉత్తరం మన ఊరి డబ్బాలోంచి సంచిలో ఎగువకు ఎక్కి, పెద్ద ఊళ్లో వేరుపడి, ఇంకో కాలువలో దిగువకు దిగుతుంది!

అంకెల పని అక్కడితో సరి. చాలా పల్లెలకు కలిపి ఒకే పిన్ ఉంటుంది. అందుకే ఊరి పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు బద్ధకించకుండా రాయాలి. ఆపైన పోస్టాయన ఎరుకే దారి.

నా చిన్నప్పుడు పక్కింటి అవ్వకు మద్రాసు నుంచి కొడుకు మనియార్డరు పంపేవాడు. పోస్టాయన ఆమె ఎడమ బొటనవేలిని సిరా దిండుకు అద్ది, కాగితం మీద ఒత్తించి, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. తర్వాత అడుగున ఉన్న చీటీ చింపి, కొడుకు రాసిన రెండు ముక్కలూ చదివేవాడు. మేము చుట్టూ మూగితే గొంతు తగ్గించేవాడు. ఒకరి కబురు ఇంకొకరి చెవిన పడకూడదని ఆయన్ని చూసే నేర్చుకున్నాను. మీరూ ఆ మర్యాద పాటించండి.

దసరా సెలవుల్లో వచ్చినప్పుడు టపా సంచి విప్పే వేళకు పోస్టాఫీసుకు వెళ్లండి. అడ్డం పడకుండా ఓ పక్కన నిలబడండి. పేరు కనబడగానే ఏ ఉత్తరం ఏ వీధిదో వాళ్లు ఎలా వేరు చేస్తారో నేను రాసి చెప్పలేను, చూడాల్సిందే. ఇంటికొచ్చిన కవరు మీద గుండ్రటి ముద్ర ఉంటుంది. అది ఏ ఊరిదో, ఏ తేదీదో చదివి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య