ఫిష్ ఫైండర్ చూసేది చేపను కాదు, దాని కడుపులోని గాలిని

కావలి నుంచి ఒక పాఠకుడు ప్రశ్న పంపారు. మిత్రులు కలిసి చిన్న ఫైబర్ పడవ కొనుక్కున్నారట. ఆదివారాలు జువ్వలదిన్నె వైపు నుంచి సరదాగా గాలం వేటకు వెళ్తారట. "ఫిష్ ఫైండర్ పెట్టిద్దామనుకుంటున్నాం. అయిదు అంగుళాల స్క్రీన్ చాలా, ఏడు కావాలా? 300 వాట్లదా, 600 వాట్లదా? ట్రాన్స్‌డ్యూసర్ ఎలాంటిది తీసుకోవాలి?" అని అడిగారు.

వీటిలో అసలు ప్రశ్న చివరిది. ఫిష్ ఫైండర్ అంటే నీటిలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి కింద ఏముందో తెర మీద చూపే మిషన్. ఆ శబ్దాన్ని పంపేదీ, అందుకునేదీ దాని ట్రాన్స్‌డ్యూసర్. స్క్రీన్‌ను మీ కళ్లను బట్టి, జేబును బట్టి కొనుక్కోండి. ఎండలో కనపడితే చాలు. ట్రాన్స్‌డ్యూసర్‌ను మాత్రం గాలిని దృష్టిలో పెట్టుకుని కొనాలి. వీచే గాలి సంగతి కాదు నేను చెప్పేది. చేప కడుపులో ఉండే గాలి, పడవ అడుగున చేరే గాలి.

ట్రాన్స్‌డ్యూసర్ లోపల కరెంటు తగిలితే కంపించే పింగాణీ బిళ్ల ఒకటి ఉంటుంది. ఆ కంపనం మన చెవికి అందని శబ్దమై కిందికి పోతుంది, దేనికైనా తగిలి కొంత వెనక్కి వస్తుంది. అదే బిళ్ల దాన్ని మళ్లీ కరెంటుగా మారుస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. ఇదంతా హైస్కూలు ప్రతిధ్వని పాఠమే. కానీ కొండ మీద నుంచి కేక తిరిగొచ్చే లెక్క నేర్పిన మాస్టార్లు ఆ తర్వాతి ప్రశ్న దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లరు. కొండ సరే, ఒళ్లంతా దాదాపు నీళ్లే ఉన్న చేప మీద నుంచి శబ్దం ఎందుకు వెనక్కి రావాలి?

శబ్దం ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి దాటేచోట ఎంత వెనక్కి తిరుగుతుందో ఒక చిన్న లెక్క చెబుతుంది. పదార్థం సాంద్రతను అందులో శబ్దవేగంతో హెచ్చించాలి. సముద్రపు నీరు ఘనమీటరుకు సుమారు 1,020 కిలోలు. మన తీరంలోని వెచ్చటి నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,540 మీటర్లు పోతుంది. హెచ్చిస్తే దాదాపు 15 లక్షల 70 వేలు. చేప కండకు ఇదే లెక్క కడితే 16 లక్షల పైచిలుకు. రెండు సంఖ్యలూ ఇంత దగ్గరగా ఉంటే 10,000 పాళ్ల శక్తి వెళ్లి కండకు తగిలినా తిరిగొచ్చేది మూడు నాలుగు పాళ్లే. మిగతాదంతా చేపలోంచి దూరి అవతలికి పోతుంది. ఇప్పుడు గాలి సంగతి చూడండి. దాని సంఖ్య సుమారు 400 మాత్రమే. నీటికీ దానికీ మధ్య వేల రెట్ల తేడా. ఆ హద్దు దగ్గర 99 శాతానికి పైగా శక్తి వెనక్కి తిరుగుతుంది. నీటిలో పోయే శబ్దానికి గాలి అద్దం లాంటిది.

ఆ అద్దం చాలా చేపల కడుపులో ఉంటుంది. ఇంట్లో బొచ్చెనో శీలావతినో కోసేటప్పుడు వెన్నెముక కింద తెల్లటి బుడగ బయటపడుతుంది కదా, అదే గాలితిత్తి. నీటిలో మునగకుండా, తేలిపోకుండా ఒక లోతులో నిలబడటానికి చేపకు అది ఆధారం. గాలితిత్తి ఉన్న చేప నుంచి వచ్చే ప్రతిధ్వనిలో 90 శాతం పైగా ఆ బుడగ నుంచే వస్తుంది. అంటే మీ స్క్రీన్ మీద మెరిసే గీత చేప ఆకారం కాదు. ఒక పెద్ద చేప చిన్న గుర్తుగా, ఒక చిన్న చేప పెద్ద గుర్తుగా కనపడవచ్చు.

నాకు భలే ఆశ్చర్యం కలిగించేది ఇక్కడే ఉంది. వేటగాళ్లంతా కోరుకునే వంజరానికి గాలితిత్తి లేదు! సొరలకూ టేకు చేపలకూ లేదు. బారెడు వంజరం పడవ కింద నుంచి పోయినా తెర మీద సన్నటి మసక గీతే పడవచ్చు. మరి వంజరం వేటకు ఈ మిషన్ దండగా? కాదు. వంజరానికి ఆహారమయ్యే చిన్న చేపలు కవళ్లకు గాలితిత్తి ఉంది. కవళ్ల గుంపు తెర మీద దట్టమైన మబ్బులా పడుతుంది. ఆ మబ్బు ఉన్నట్టుండి చీలినా, ఒక పక్కకు ఒత్తుకుపోయినా కింద ఎవరో తరుముతున్నారని అర్థం. గాలం అక్కడ లాగాలి.

గొరక జాతి చేపలది దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి గాలితిత్తి పెద్దది. దాని పక్కనున్న కండరాలతో దాన్ని డప్పులా వాయిస్తాయి కూడా. వల్లో పడితే లక్షలు పలికిందని టీవీలో చూపించే కచిడి ఈ కుటుంబానిదే, ఆ ధర దాని గాలితిత్తికే. ఆపరేషన్ కుట్ల దారం దాంతోనే చేస్తారని, సర్వరోగ నివారిణి అని ప్రతిసారీ చెబుతుంటారు. శరీరంలో కరిగిపోయే పాతకాలపు కుట్ల దారం గొర్రెల, పశువుల పేగుల నుంచి తయారయ్యేది. ఇప్పుడు ఎక్కువగా కృత్రిమ దారాలే. కచిడి తిత్తికి అంత ధర తెచ్చింది చైనా వంటిళ్లు, అక్కడి సంప్రదాయ వైద్యంలో దానికున్న పేరు. పిల్లలకు చెప్పేటప్పుడైనా మహిమల జోలికి పోకుండా, ఆ బుడగ చేపకు ఎలా పనికొస్తుందో చెబితే బాగుంటుంది.

చేపలకోసం పనికొచ్చే మిషన్‌ను మొదట తెచ్చిన జపాన్ ఫురునో సోదరులకు కూడా గాలే దారి చూపింది. బుడగలు పైకొచ్చే చోట చేపలుంటాయని ఒక జాలరి అన్న మాట వాళ్లను ఆలోచనలో పడేసింది. 1948లో వాళ్ల యంత్రం బయటికొచ్చింది.

ఇక వాట్లు. ఒక్క చేప నుంచి వచ్చే ప్రతిధ్వని బలం దూరానికి నాలుగో ఘాతంలో పడిపోతుంది (దూరం రెట్టింపైతే బలం పదహారో వంతే), ఎందుకంటే శబ్దం పోయేటప్పుడూ పరుచుకుంటుంది, వచ్చేటప్పుడూ పరుచుకుంటుంది. కాబట్టి 300 వాట్లను 600 చేస్తే చూపు అందే దూరం రెట్టింపు కాదు, 20 శాతం కూడా పెరగదు. ఉప్పునీరు శబ్దాన్ని మింగేయడాన్ని కలుపుకుంటే ఇంకా తక్కువ. తీరానికి దగ్గర్లో ఇరవై ముప్పై మీటర్ల లోతులో తిరిగే పడవకు 300 వాట్లు చాలు.

డబ్బు ఫ్రీక్వెన్సీ మీద, అంటే బిళ్ల సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో దాని మీద పెట్టండి. 200 కిలోహెర్ట్జ్ దగ్గర అల పొడవు 7.7 మిల్లీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల బిళ్లతోనే శబ్దం 18 డిగ్రీల కిరణంగా పోతుంది, పది మీటర్ల కింద అది మూడు మీటర్ల పైచిలుకు వెడల్పు. 50 కిలోహెర్ట్జ్‌లో అల పొడవు నాలుగింతలు, కాబట్టి అదే కిరణానికి నాలుగింతల బిళ్ల కావాలి. అది వందల మీటర్ల లోతుకు పోయేవాళ్ల సరుకు. చిర్ప్ రకం ఒకే స్వరం పంపదు, 150 నుంచి 200 కిలోహెర్ట్జ్ దాకా స్వరాన్ని జారుస్తూ పంపుతుంది. మామూలు మిషన్ 0.2 మిల్లీసెకన్ల పల్స్ (ఒక్క విడత శబ్దం) పంపితే 15 సెంటీమీటర్ల లోపు తేడాతో ఒకదాని కింద ఒకటున్న రెండు చేపలు కలిసిపోతాయి. చిర్ప్‌లోని ఆ 50 కిలోహెర్ట్జ్ జారుడుతో అదే తేడా ఒకటిన్నర సెంటీమీటరుకు దిగుతుంది. నేల మీద పొట్ట ఆనించి పడుకున్న పండుగప్పను నేల నుంచి విడదీసి చూపేది ఇదే. నా ఓటు దీనికే.

ఎంత మంచిది కొన్నా బిగించేచోట గాలి చేరితే అంతా పోయినట్టే. చేపను చూపించే అద్దమే ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి అడ్డం వస్తే శబ్దం కిందికి దిగనే దిగదు. పడవ వెనక చెక్కకు బిగిస్తే దాని ముఖం అడుగు కంటే కాస్త కిందికి ఉండాలి, ఇంజిన్ ఫ్యాన్ చిలికే బుడగలకు దూరంగా ఉండాలి. వెనక నుంచి చూసినప్పుడు గడియారం ముల్లు దిశలో తిరిగే ఫ్యాన్ అయితే కుడి పక్క మేలు, అక్కడ రెక్క కిందికి దిగుతుంది.

వలలు, తాళ్లు తగిలి ఊడిపోతుందని భయముంటే లోపలి నుంచే ఫైబర్‌కు ఎపాక్సీ జిగురుతో అంటించే రకం ఉంది. ఫైబర్ గట్టిగా ఒకే ముద్దగా ఉంటేనే అది పనిచేస్తుంది. పొరల మధ్య ఫోమ్ ఉంటే పనిచేయదు, ఫోమ్ అంటేనే గాలి. అంటించే ముందు పరీక్ష చేసుకోండి. పాలిథిన్ సంచిలో నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ను అందులో ముంచి, సంచిని అడుగుకు లోపలి నుంచి అదిమి పట్టి లోతు చూడండి. తర్వాత దాన్నే పడవ పక్కన నేరుగా నీళ్లలో ముంచి చూడండి. రెండు అంకెలూ కలిస్తే ఆ చోటు మంచిది.

పులికాట్‌కు మాత్రం దీన్ని కొనకండి. అక్కడ సగటు లోతు మీటరు. పల్స్ పంపాక బిళ్ల అర మిల్లీసెకను మోగుతూ ఉన్నా పైనున్న 38 సెంటీమీటర్లు కనపడవు, మిగిలిన నీటిలో కిరణం వెడల్పు ముప్పై సెంటీమీటర్లే. సోమశిల, కండలేరు జలాశయాల్లో అయితే లోతుంది, మత్స్యశాఖ అనుమతి తీసుకుని వెళ్తే అక్కడి బొచ్చెలు చక్కగా కనపడతాయి. పెన్న మొగ దాటేవాళ్లకు చేపల సంగతి ఎలా ఉన్నా, వరదకు జరిగిపోయే ఇసుక మేటల్ని లోతు అంకె ముందే పట్టిస్తుంది. దానికోసమైనా మిషన్ పెట్టుకోవచ్చు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. పడవ ఒడ్డున ఎండుతూ ఉండే ఆ రోజుల్లోనే బిగింపు పని పెట్టుకోండి. లోపలి ఫైబర్‌ను గరుకు కాగితంతో రుద్ది, నూనె మరక లేకుండా తుడిచి, ఎపాక్సీని నిదానంగా కలపండి. గబగబా కలిపితే అందులోనూ బుడగలు చేరతాయి.