బడి మారితే చదువు దెబ్బతింటుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: బడి మార్చితే మార్కులు పడిపోవడం ఖాయం.

వాస్తవం: బడి మారిన పిల్లల మార్కులు, మారనివాళ్ల మార్కుల కన్నా సగటున తక్కువే. 2004లో అమెరికాలో జరిగిన పలు పరిశోధనలను కలిపి లెక్క కట్టినప్పుడు చదవడంలోనూ లెక్కల్లోనూ 3-4 నెలల వెనకబాటు తేలింది. అయితే ఆ సగటులో రకరకాల పిల్లలున్నారు. తండ్రికి బదిలీ అయి వేసవిలో మారినవాళ్లూ, ఇంటి అద్దె కట్టలేక నడి సంవత్సరంలో మారినవాళ్లూ, మూడేళ్లలో మూడు బళ్లు తిరిగినవాళ్లూ అందులోనే ఉన్నారు. ఉపాధి పోవడం, ఇల్లు చెదిరిపోవడం లాంటివి బడి మారకపోయినా చదువును దెబ్బతీస్తాయి. బడి మారడం వల్లే నేరుగా కలిగే నష్టం ఏమిటంటే, పాత బడిలో ఇంకా చెప్పని పాఠం కొత్త బడిలో అప్పటికే అయిపోవడం. ఆ ఖాళీని ఎవరూ వెతకరు. వెతికితే పూడ్చవచ్చు.

అపోహ: జూన్‌లో చేర్పిస్తే ఏ పాఠమూ పోదు.

వాస్తవం: స్టేట్ సిలబస్ బళ్లు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. చాలా సీబీఎస్‌ఈ బళ్లలో కొత్త తరగతి ఏప్రిల్ మొదట్లోనే మొదలవుతుంది. వేసవి సెలవుల్లోపే ఒకటి రెండు పాఠాలు అయిపోతాయి. లెక్కల్లో ఆ మొదటి పాఠాలే తర్వాతి వాటికి పునాది.

స్టేట్ నుంచి సీబీఎస్‌ఈకి వెళ్లేటప్పుడు తేడాలు ఇంకా ఉన్నాయి. ప్రభుత్వ బళ్లలో హిందీ 6వ తరగతిలో మొదలవుతుంది. చాలా సీబీఎస్‌ఈ బళ్లలో అప్పటికే పిల్లలు హిందీలో వ్యాసాలు రాస్తుంటారు. స్టేట్‌లో 8 నుంచి భౌతిక రసాయన శాస్త్రం, జీవశాస్త్రం వేర్వేరు పుస్తకాలు. సీబీఎస్‌ఈ బళ్లలో వాడే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో సైన్స్ ఒకటే పుస్తకం, పాఠాల వరుస కూడా వేరు.

అందుకే చేరిన మొదటి రెండు వారాల్లో ఒక పని తప్పకుండా చేయాలి. పాత, కొత్త లెక్కల పుస్తకాల విషయసూచికలు పక్కపక్కన పెట్టి, కొత్తదాంట్లో ప్రతి పాఠానికీ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి: పూర్తిగా చెప్పినవి, సగం చెప్పినవి, అసలు ముట్టనివి. ఈ పని కిందటి తరగతి పుస్తకం నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే 7లో నిష్పత్తి రాకపోవడానికి కారణం తరచూ 6లో వదిలేసిన భిన్నాలే. చెప్పారన్న పాఠాల్లో కూడా ఒక్కోదానికి 10 లెక్కలు ఇచ్చి చూడండి. 8 వస్తే వదిలేయండి. 5 నుంచి 7 వస్తే వారం సాధన చాలు. అంతకన్నా తక్కువైతే మొదటినుంచి చెప్పాలి. రోజుకు 30-40 నిమిషాల చొప్పున, ఒకసారికి ఒకే పాఠం. పాత నోట్సులు మాత్రం కనీసం ఏడాది వరకు తూకానికి వేయకండి. ఏ పాఠం దగ్గర ఆగిపోయారో చెప్పే ఆధారం అవే.

అపోహ: ఇంగ్లిష్ మీడియంలో వేస్తే ఆర్నెల్లలో అదే వచ్చేస్తుంది.

వాస్తవం: మాట్లాడే ఇంగ్లిష్ వస్తుంది, పాఠం ఇంగ్లిష్ అంత త్వరగా రాదు. క.సా.గు. చకచకా చేసే పిల్ల ఎల్‌సీఎం అనగానే మౌనంగా కూర్చుంటుంది. లవం, హారం తెలిసిన పిల్లాడికి న్యూమరేటర్, డినామినేటర్ కొత్త. ద్రవ్యరాశి మాస్ అవుతుంది, కిరణజన్య సంయోగక్రియ ఫోటోసింథసిస్ అవుతుంది. టీచరు దీన్ని లెక్క రాకపోవడంగా చూసి వెనక బెంచీలో కూర్చోబెడితే అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. పరీక్షించే పద్ధతి సులువు: అదే లెక్క తెలుగులో ఇవ్వండి. తెలుగులో చేసి ఇంగ్లిష్‌లో ఆగితే కొరత భాషది, రెండిట్లోనూ ఆగితే లెక్కది. రెండిటికీ మందు ఒకటి కాదు.

దీనికి మన దగ్గర మంచి సాధనమే ఉంది. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు వేశాయి. పాఠం బడిలో జరగడానికి ముందు రోజు రాత్రి తెలుగు పేజీ చదివించి, 8-10 మాటలు రెండు భాషల్లో రాయించండి. బడిలో విన్న తర్వాత చదివిస్తే అంత ఫలితం ఉండదు. 8, 9 తరగతుల్లో మీడియం మార్చకపోవడమే మేలు. తప్పనిసరైతే సిలబస్ అయినా పాతదే ఉండేలా చూడాలి. మీడియం, బోర్డు రెండూ ఒకేసారి మార్చడం పిల్లల మీద మోయలేని బరువు.

అపోహ: పేరున్న బళ్లో వేస్తే మిగతావన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: 2001-2006 మధ్య షికాగోలో మూతపడ్డ 18 ప్రాథమిక బడుల పిల్లల మీద 2009లో నివేదిక వచ్చింది. మార్కులు బాగా తగ్గింది బడి మారాక కాదు, మూసేస్తామని ప్రకటించిన ఏడాదే. మారిన ఏడాది తర్వాత చాలామంది మామూలు స్థాయికి వచ్చారు. మునుపటి కన్నా ముందుకు వెళ్లింది మాత్రం బాగా చెప్పే బళ్లలో చేరినవాళ్లే. అలాంటి బడి దొరికింది వందకు ఆరుగురికి. కాబట్టి ఫ్లెక్సీ మీద ర్యాంకులు చూడటం కాదు, మీ పిల్లలు చేరే సెక్షన్లో లెక్కలు ఎవరు చెబుతారో, ఆ టీచరు ఏడాది మధ్యలో మారతారేమో అడగండి. ఇంకో మాట: డిసెంబరు నుంచే ఇంట్లో "వచ్చే ఏడు నువ్వు ఈ బళ్లో ఉండవులే" అని అనకండి. ఆ మాట పడ్డాక పిల్లలు నోట్సు రాయడం కూడా మానేస్తారు.

అపోహ: టీసీ చేతికి రాకపోతే చేర్చుకోరు.

వాస్తవం: విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం 1 నుంచి 8 వరకు ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బళ్లు టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదు. టీసీ వెంటనే ఇవ్వడం పాత బడి ప్రధానోపాధ్యాయుల బాధ్యత. ఇది ఎయిడ్ లేని ప్రైవేటు బళ్లలో చేరడానికి వర్తించదు. 9, 10కి టీసీ దగ్గర పెట్టుకునే కదలాలి. అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఆన్‌లైన్ పేరు. యూడైస్ అంటే బళ్ల, పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు. పాత బడి అందులో పిల్లల పేరును విడుదల చేయకపోతే కొత్త బడి రిజిస్టర్లోకి ఆ పేరు ఎక్కదు. టీసీ తీసుకునే రోజే పెన్ నంబరు (అందులో ప్రతి పిల్లకూ ఉండే శాశ్వత విద్యా సంఖ్య) రాయించుకోండి, పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిచూడండి. స్టడీ సర్టిఫికెట్ కూడా అప్పుడే తీసుకోండి. ముందుముందు ఉన్నత చదువుల్లో లోకల్ కోటాకు చదివిన బళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, అప్పటికి ఆ బడి ఉంటుందన్న నమ్మకం లేదు.

అపోహ: వలస వెళ్తే పిల్లలను వెంట తీసుకుపోక తప్పదు.

వాస్తవం: వలసలు ఎక్కువున్న మండలాల్లో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. తల్లిదండ్రులు పనికి వెళ్లినన్నాళ్లు పిల్లలు ఊళ్లో అదే బళ్లో చదువుకుంటారు. అడగాల్సింది మండల విద్యాధికారి కార్యాలయంలో, ఊరు వదిలే ముందే.